డెబ్బై రెండు కిలోల ఇసక

షెడ్డు మొత్తంలో నేల నిజంగా సమంగా ఉండే చోటు ఒక్కటే. దాన్ని కనిపెట్టింది కాటా పిన్ని. పనిలో చేరిన మొదటి వారం చెంబుతో నీళ్లు తెచ్చి, కొంచెం కొంచెం ఒంపుతూ, అవి ఎటు పారుతున్నాయో చూస్తూ, మోకాళ్లమీద షెడ్డంతా తిరిగింది. మెకానిక్కులు నవ్వుకున్నారు. "తూకానికి వచ్చిందా, నేల కడగడానికి వచ్చిందా?" అని ఒకడు పైకే అన్నాడు. వెనక గోడకి ఆరడుగుల ఇవతల నీళ్లు ఎటూ పోలేక, దారి మరిచిపోయినట్టు గుండ్రంగా నిలబడిపోయాయి. అక్కడ ఆమె తెల్లరంగుతో నాలుగు చదరాలు గీసింది. ఒక్కో చదరంమీద ఒక్కో కాటా, ఒక్కో కాటామీద రేసు బండి చక్రం ఒక్కోటి. ఆరేళ్లయింది. ఇప్పటికీ ఆ చదరాలమీద నూనె చుక్క పడనివ్వదు.

అంతకు ముందు పదకొండేళ్లు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల కాటా చూసేది. అద్దాల గది, ఒక ఫ్యాను, ఒక కిటికీ. బరువు దగ్గర మనుషులు ఎన్ని రకాలుగా అబద్ధమాడతారో ఆ కిటికీలోంచే నేర్చుకుంది. సరుకు ఎక్కించుకోవడానికి వచ్చిన ఖాళీ లారీని ఎక్కువ తూగించాలని ఇద్దరు మనుషుల్ని సీటు వెనక దాచి తెచ్చేవాళ్లు; ఆ మేరకు ఎక్కించిన సరుకు లెక్కలో తగ్గుతుంది. పిన్ని కుర్చీలోంచి లేవకుండానే, "వెనక పడుకున్నాయనకి ఊపిరాడ్డం లేదు, దింపు నాయనా" అనేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక రేసు బండ్ల షెడ్డులో తూకం మనిషి కావాలని తెలిసి వచ్చింది. ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. "మా ఆవిడ ముందు ఊరికే నిట్టూర్చకూడదు, అదెన్ని గ్రాములో చెప్పేస్తుంది" అని డిపోలో అందరితో అంటాడు.

ఆ షెడ్డులో ఉన్నది ఒక్క బండే. ఒక్క మనిషి కూర్చునే బండి. చక్రాలు నాలుగూ ఒంటికి దూరంగా, బయటికే ఉంటాయి. ముందొక రెక్క, వెనకొక రెక్క. పోటీ నియమం ప్రకారం రేసు అయిపోయి ఆగాక, బండీ, నడిపిన మనిషీ కలిసి ఆరు వందల కిలోలకు తగ్గకూడదు. తగ్గితే ఎంత ముందొచ్చినా పేరు కొట్టేస్తారు. పెరిగితే ఎవరూ అడగరు, కానీ పెరిగిన ప్రతి కిలోనీ ప్రతి మలుపులో మోసుకుంటూ తిరగాలి.

నడిపే అమ్మాయి పేరు ఎవరికీ గుర్తుండదు. అందరూ నిచ్చెన అనేవాళ్లు. అంత పొడుగు. హెల్మెట్టూ, సూటూ, బూట్లూ కలిపి డెబ్బై రెండు కిలోలు. రేసు ముగిశాక ఆమెతో కలిపి బండి ఆరు వందల ఆరు తూగేది. మిగతా జట్లలో నడిపేవాళ్లందరూ సన్నగా, పొట్టిగా ఉండేవాళ్లు. వాళ్ల బండ్లు తేలిపోతే అడుగున సీసం పలకలు బిగించి ఆరు వందలకి తెచ్చుకునేవాళ్లు. వాళ్లకది చాలక పెట్టుకునే బరువు. నిచ్చెనకి అది పుట్టుకతో వచ్చిన ఎముక.

మొదటిసారి తూకానికి ఆమెని బండిలో కూర్చోబెట్టినప్పుడు షెడ్డంతా చుట్టూ చేరింది. నాలుగు చక్రాలమీద బరువు ఎలా పంచుకుంటుందో చూడాలంటే లోపల మనిషి ఉండాల్సిందే. బోల్టులు బిగించే పెద్దాయన్ని అందరూ పానా అంటారు. ఆయన అంకెలు చూసి ఈల వేశాడు.

"పిన్నీ, లారీ కాటా వెంట తెచ్చుకోవాల్సింది!"

అందరూ నవ్వారు. నిచ్చెన కూడా నవ్వింది. కానీ హెల్మెట్ పట్టీ విప్పుతున్న వేళ్లు దారి తప్పడం పిన్ని చూసింది.

ఆ ఆదివారం పిన్ని లారీలమీద కప్పే మందపు గుడ్డ తెచ్చి, ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర మిషను వేసుకుని కూర్చుంది. రెండు కాళ్లు, ఒక నడుము, రెండు భుజాలు కుట్టింది. జల్లించి ఎండబెట్టిన ఇసక నింపింది. ఇసక చివరి గుప్పెళ్లు చెంచాతో పోసింది. సరిగ్గా డెబ్బై రెండు కిలోలు. సోమవారం భర్తా, ఆమే కలిసి దాన్ని షెడ్డుకి మోసుకొచ్చారు. "బస్సులో దీనికీ టిక్కెట్టు కొట్టించావా?" అని ఆయన దారంతా ఏడిపించాడు.

"ఇకనించి తూకానికి ఇది కూర్చుంటుంది," అని పిన్ని షెడ్డులో చెప్పింది. "మనిషిని అస్తమానం కాటా ఎక్కించకూడదు. అదేమన్నా బస్తానా?"

పానా సాయంత్రానికల్లా ఆ ఇసక బొమ్మకి బొగ్గుతో మీసాలు గీశాడు. నిచ్చెన దాన్ని అక్కయ్యా అని పిలిచేది. నెలకోసారి, తలుపు వేసి, ఇద్దరే ఉన్నప్పుడు, పిన్ని నిచ్చెనని తూచేది. అంకె చూసి, ఇసక కాస్త తీసేది, లేదా కాస్త పోసేది. ఏమీ అనేది కాదు.

పిన్నికి బరువు గురించి తెలియనిది ఒక్కటే మిగిలింది. అది గాలి.

జట్టు ఇంజనీరుని మాస్టారు అనేవాళ్లు. ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర పిన్ని ఆయన్ని నిలదీసింది. "ఈ రెక్కలు ఏడు కిలోలు మాస్టారూ. ఎగరని బండికి రెక్కలెందుకు? తీసేద్దురూ!"

"అవి ఎగరడానికి కాదు, ఎగరకుండా ఉండడానికి. విమానం రెక్కని బోర్లా తిప్పాం. వేగంగా పోతుంటే పైనుంచి గాలి నొక్కుతుంది. పెద్ద వంపులో ఆ నొక్కుడు నాలుగు వందల కిలోలు ఉంటుంది."

పిన్ని గ్లాసు కింద పెట్టేసింది. "నాలుగు వందలా? నా కాటామీద కనపడలేదే!"

"నిలబడితే ఉండదు. పరిగెడితేనే ఉంటుంది. ఒంటి బరువు మలుపులో బండిని బయటికి లాగుతుంది. గాలి బరువు మాత్రం నేలకి పట్టి ఉంచుతుంది. మొయ్యక్కర్లేని బరువు."

ఆ వారమంతా ఆమె ఆ మాటే తలుచుకుంది. మొయ్యక్కర్లేని బరువు. బస్సులో కిటికీ బయట చెయ్యి పెట్టి, అరచేయి కాస్త వంచి, గాలి దాన్ని కిందికి తోస్తుంటే చూసుకుంది. పదిహేడేళ్లు తూకంలోనే బతికింది, ఇంత పెద్ద బరువు తన పక్కనుంచి రోజూ చప్పుడు చేస్తూ పోతోందని తెలియదు.

ఆ ఏడు నిచ్చెన కష్టం కూడా అక్కడే ఉంది. ఒంటరిగా తిరిగితే మంచి సమయం వచ్చేది. ముందున్న బండిని పట్టుకునేది కూడా. పట్టుకున్నాక దాటలేకపోయేది. పెద్ద వంపులో దగ్గరికి వెళ్లిందంటే బండి ముక్కు తిరగనని మొరాయించేది. అయిదు రేసుల్లో మూడుసార్లు ఒకరి వెనకే ఇరుక్కుపోయి ఆరో స్థానంలో వచ్చింది.

ఒకరోజు మాస్టారు జట్టు యజమానికి వివరిస్తున్నాడు. "ముందు బండి గాలిని చీల్చుకుంటూ పోతుంది సార్. దాని వెనక గాలి చిరిగిపోయి, సుళ్లు తిరుగుతూ ఉంటుంది. అది మన ముందు రెక్కకి సరిగా అందదు. రెక్క నొక్కదు, ముక్కు తిరగదు, టైరు జారుతుంది, జారి కాలుతుంది. రెండు చుట్లలో టైరు పనైపోతుంది."

పక్కనే బోల్టులు తూస్తున్న పిన్ని తల ఎత్తకుండా అంది: "అంటే వాళ్లు తిని వదిలేసిన గాలి మనకి వడ్డిస్తున్నారన్నమాట. ఎంగిలి గాలి."

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై పేజీలు రాశాను దీనిమీద," అన్నాడు.

నిచ్చెన మాత్రం ఆ మాట పట్టుకుంది. ఎంగిలి అయితే తినకుండా ఉండొచ్చు కదా? పెద్ద వంపు ముందు కావాలని వెనక్కి తగ్గి, నాలుగు బండ్లంత ఖాళీ వదిలితే, వంపులో తాజా గాలి దొరుకుతుంది. ముక్కు మాట వింటుంది. వంపు తర్వాత పొడుగాటి తిన్నని దారి. అక్కడ ముందు బండి గాలిలో చేసిన సొరంగంలోకి దూరితే ఎదురుగాలి ఉండదు, బండి తనే లాక్కుపోతుంది. దారి చివర మోచేయిలా మడిచిన చిన్న మలుపు. అక్కడ వేగం తక్కువ, గాలి బరువుతో పని లేదు. ఎవరి బండి తేలికో వాళ్లు ఆలస్యంగా బ్రేకు తొక్కగలరు.

"వంపులో ఎంగిలి, దారిలో విందు," అంది నిచ్చెన.

"మోచేయి దగ్గర?" అన్నాడు పానా.

"అక్కడ నేను లావు."

అది జోకే. ఎవరూ నవ్వలేదు.

సీజన్ చివరి రేసుకి మూడు వారాలుండగా యజమాని వచ్చాడు. చెడ్డవాడు కాదు. మెత్తగానే చెప్పాడు. "వచ్చే ఏడాదికి ఇంకో అమ్మాయి సీటు అడుగుతోంది. మన అమ్మాయికన్నా ఎనిమిది కిలోలు తక్కువ. నిచ్చెన ఈ రేసులో మొదటి ముగ్గురిలో వస్తే సీటు ఆమెదే. లేకపోతే నన్నేమనకండి. ఈలోగా కాస్త తగ్గితే మంచిది కదా?"

నిచ్చెన తల ఊపింది. పిన్ని లేచింది.

"తగ్గేది బండి సార్. మనిషి జోలికి రాకండి. ఈ అమ్మాయి తిండిలో ఒక్క ముద్ద తగ్గినా చేతిలో బలం తగ్గుతుంది, కంట్లో చురుకు తగ్గుతుంది. అవి నేను మళ్లీ బిగించలేను. బండిలో ఎంత దొరుకుతుందో చూస్తాను." తర్వాత నిచ్చెన వైపు తిరిగింది. "ఏమే, నువ్వు తిను. మిగతాది నాకొదిలెయ్."

ఆ మూడు వారాలు పిన్ని బండిని చదివినట్టు ఇంకెవరూ చదవలేదు. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన ప్రతి బోల్టు చివరా కోయించింది. ఎప్పుడో తీసేసిన మీటరు తాలూకు తీగ ఇంకా ఒంట్లో నరంలా దాక్కుని ఉంటే లాగేసింది. సీటుని పల్చగా, కొత్తగా పోత పోయించింది. పాత రంగుమీద రంగు, దానిమీద రంగు, అయిదేళ్ల పొరలు గీకించి ఒక్క పల్చటి పొర వేయించింది. అక్కడే కిలో పైన దొరికింది. బండి పక్కన బంగారు అక్షరాల్లో మందంగా యజమాని పేరుండేది.

"మీ పేరు రెండు వందల నలభై గ్రాములుంది సార్," అని ఫోన్‌లో చెప్పింది. "పల్చగా రాయిస్తే అరవై."

అవతలి నుంచి యజమాని అన్నాడు: "సరే, రాయించండి. ఇంట్లో కూడా నన్ను తగ్గమనే అంటున్నారు."

మొత్తం అయిదు కిలోల రెండు వందల గ్రాములు తీసింది. ఇసక బొమ్మని కూర్చోబెట్టి తూచింది. పెట్రోలు అయిపోయాక, టైర్లు అరిగాక, నిచ్చెన ఒంట్లోంచి చెమటగా పోయేదంతా పోయాక కూడా ఆరు వందలకి ఎనిమిది వందల గ్రాములు పైన ఉంటుందని తేల్చింది. అంతకన్నా తీస్తే ప్రమాదం. పానా కోపంగా అన్నాడు: "ఇంకో కిలో నా దగ్గర ఉంది, నా పళ్లసెట్టు!"

రేసు రోజు ఎండ తెల్లగా, బల్లపరుపుగా ఉంది. నిచ్చెన ఆరో స్థానం నుంచి మొదలుపెట్టింది. పిన్ని ఎప్పటిలాగే గోడ దగ్గర, మాస్టారి పక్కన నిలబడింది.

బండి మారిపోయింది. మోచేయి దగ్గర మిగతావాళ్లు బ్రేకు తొక్కేసిన తర్వాత ఇంకో గుండె చప్పుడంత సేపు నిచ్చెన తొక్కేది కాదు. ఎనిమిదో చుట్టుకి అయిదో స్థానం. పద్నాలుగో చుట్టుకి నాలుగు. ప్రతిసారీ అదే పద్ధతి. పెద్ద వంపు ముందు, ఆశపడకుండా, వెనక్కి ఆగడం. జనం అది చూసి "అరె, వదిలేసింది!" అనేవాళ్లు. మరుక్షణం తాజా గాలిని నిండుగా తాగిన ముక్కు వంపులోకి తిరిగేది. తిన్నని దారిలో ముందు బండి తోకని వెతుక్కుంటూ నల్లటి చుక్క పెద్దదయ్యేది.

ఇంకో మూడు చుట్లు ఉన్నాయనగా మోచేయి లోపలి వైపు నుంచి దూరి మూడో స్థానంలోకి వచ్చింది. మాస్టారు కాగితాలు గాల్లోకి విసిరాడు. పానా పిన్ని భుజం పట్టుకుని ఊపేశాడు.

"మన పిల్ల పిన్నీ! పొద్దున బెల్టు బిగించేటప్పుడే అనుకున్నా, ఇవాళ దీని ఒంట్లో ఏదో ఉందని. నడుం దగ్గర రెండు వేళ్లు ఎక్కువ లాగాల్సొచ్చింది."

పిన్ని నవ్వు అలాగే నిలిచిపోయింది. "ఏం లాగావు?"

"బెల్టు. రోజూ కన్నా రెండు వేళ్లు..."

"నడుం దగ్గరొక్కచోటేనా?"

"భుజాల దగ్గర కూడా." అని, చెప్పిందేమిటో తనకే అప్పుడు వినబడ్డట్టు పానా నోరు మూసుకున్నాడు.

కాటా కిటికీలో కూర్చున్న పదకొండేళ్లలో పిన్ని ఎదుట మనుషులు ఎక్కువ తూగడానికే అబద్ధమాడారు. తక్కువ తూగడానికి తిండి మానేసే అబద్ధం ఒకటుంటుందని ఆమెకి తట్టలేదు. ఇసక బొమ్మ మూడు వారాలూ డెబ్బై రెండు కిలోలే ఉంది. ఇసకకి భయం తెలియదు. ఇసక రాత్రి భోజనం మానెయ్యదు.

"మాస్టారూ," అంది. "మనం తక్కువ తూగుతాం."

ఆయనకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెవి దగ్గరి మైకు అందుకోబోయాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడొద్దు. గీత దాటనివ్వండి. ఇప్పుడు చెబితే చెయ్యి వణుకుతుంది."

ఆ మిగిలిన చుట్లలో ఆమె దేన్నీ చూడలేదు. గోడమీద సిమెంటు గరుకుని గోటితో గీకుతూ నిలబడింది. మూడో స్థానంలోనే నిచ్చెన గళ్ల జెండా దాటింది. అప్పుడు పిన్ని మైకు తీసుకుంది. ఆరేళ్లలో దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"అమ్మాయ్, నేనే. ఎంత తగ్గావే?"

చెవిలో ఇంజను చప్పుడు.

"ఎంత తగ్గావని అడుగుతున్నా. తిట్టను. అంకె చెప్పు."

"కిలో తొమ్మిది వందలు, పిన్నీ."

ఎనిమిది వందల్లోంచి పందొమ్మిది వందలు. కిలో వంద తక్కువ. గీత దాటాక బండిలో ఎవరూ ఏమీ పెట్టకూడదు, నడిపిన మనిషికి గుక్కెడు నీళ్లయినా ఇవ్వకూడదు. పోటీ వాళ్ల తూకం షెడ్డుకి చేరేలోగా మిగిలింది ఒక్క చుట్టు, నెమ్మదిగా.

"సరే, విను. మలుపుల్లో అందరూ వెళ్లే దారిలో వెళ్లకు. బయటి అంచుకి పో. అక్కడ అరిగిన టైర్ల తురుము నల్లగా పడి ఉంటుంది చూడు, చీపురుతో ఊడ్చి పెట్టినట్టు. దానిమీద నడుపు. నీ టైర్లు వేడిగా ఉన్నాయి, బంకలా అంటుకుంటుంది. ఒక్కో చక్రానికి మూడు వందల గ్రాములు కావాలి నాకు. నాలుగు చక్రాలకీ."

"అంటే చెత్త ఎత్తమంటావు."

"మొత్తం ఎత్తు. గొప్పకి పోకు."

మొదటి రెండు బండ్లు చేతులూపుతూ మధ్యలో వెళ్తుంటే, మూడో బండి అంచులు పట్టుకుని, తప్పిపోయిన వస్తువేదో వెతుక్కుంటున్నట్టు వంకరగా వచ్చింది. జనం నవ్వారు. తూకం షెడ్డు దగ్గరికి చేరేసరికి టైర్లు గజ్జి పట్టినట్టు బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. అంత అందమైన టైర్లు పిన్ని ఎప్పుడూ చూడలేదు.

తూకం షెడ్డులోకి జట్టు మనుషుల్ని రానివ్వరు. పిన్ని అద్దం బయట నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ అద్దం ఇవతల, లారీ వాళ్లు నిలబడే వైపు, నిలబడలేదు. నిచ్చెన బండిలోనే ఉంది, హెల్మెట్‌తో సహా. ఎర్ర అంకెలు కదులుతున్నాయి. అయిదు వందల తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆరు వందల పాయింట్ నాలుగు. మళ్లీ తొంభై తొమ్మిది. బండి స్ప్రింగులమీద సర్దుకుంటోంది. తూకం అధికారి కాగితంమీద కలం ఆనించి, ఏ తొందరా లేకుండా, అంకెలు ఆగేదాకా చూశాడు.

ఆరు వందల పాయింట్ రెండు.

పిన్ని ఆ అంకెని ఇంకోసారి చదువుకుని అద్దం దగ్గర్నుంచి కదిలింది.

తర్వాత టైర్ల గుట్ట వెనక, నీడలో, ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది. "ఎందుకు చేశావే? తినమన్నాను కదా!"

నిచ్చెన చేతి తొడుగులు పిండుతూ కూర్చుంది. "నువ్వు బోల్టు చివర్లు కోయిస్తుంటే చూశాను పిన్నీ. గ్రాము గ్రాము. అంతా నా వల్లే. నేను తీరిగ్గా కూర్చుని తింటుంటే సిగ్గేసింది."

"తప్పు నాది కూడా," అంది పిన్ని. "మనిషి ఎదురుగా ఉండగా ఇసకని తూచాను. నీకు నామోషీ కాకూడదని చేశాను. కానీ నీ మొహం వంక చూస్తే సరిపోయేది."

మాస్టారితో కలిసి యజమాని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మూడో స్థానం! సీటు నీదేనమ్మా, మాటంటే మాటే. పైగా తగ్గావట కదా? బాగుంది, అలాగే ఉండు."

"అలాగే ఉంటే కుదరదు సార్," అంది పిన్ని. "అలాగే ఉంటే బండి తేలిపోతుంది. కిలోన్నర సీసం బిగించాలి."

"నిజానికి సీసమైతే అడుగున పెట్టుకోవచ్చు, మలుపులో అదే..." అని మాస్టారు అందుకున్నాడు.

"మాస్టారూ, మీరు కాసేపు ఊరుకోండి."

ఆయన అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"వచ్చే ఏడాది ఈ అమ్మాయి బరువు డెబ్బై రెండు," అంది పిన్ని యజమానితో. "కాగితంలో అదే రాయండి. బండిని దాని చుట్టూ కుడతాం. పెరిగినా తరిగినా నాకు చెబుతుంది, ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. మీరు అడక్కూడదు."

యజమాని నిచ్చెన వంక చూశాడు. చెంపల కింద పడ్డ గుంటలు అప్పుడే చూసినట్టున్నాడు. "రాయిస్తాను," అన్నాడు, ఈసారి చిన్న గొంతుతో. "అడగను."

వాళ్లు వెళ్లిపోయారు. దూరంగా బహుమతులకి పిలుస్తున్నారు. నిచ్చెన లేవబోయి, టైర్ల గుట్ట పట్టుకుని ఆగింది.

"పిన్నీ."

"ఊఁ?"

"ఆకలేస్తోంది."

మూడు వారాల్లో ఆ మాట ఆమె నోటినుంచి రావడం అదే మొదటిసారి. పిన్ని అప్పటికే లేచి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, భోజనాలు పెట్టే వైపు పరుగులాంటి నడకతో వెళ్తోంది.